నలుగురి బరువుకు బిగించిన బోల్టులు

మొన్న బాచుపల్లిలో మా పాత అంబాసిడర్‌కు రబ్బరు బుష్షులు మార్పిస్తుంటే, బండి కింద పడుకున్న మెకానిక్ తల బయటికి పెట్టి, ఇందులో మామూలుగా ఎంతమంది ఎక్కుతారని అడిగాడు. అడిగింది చిన్న మాటే, కానీ నాకు ఎప్పటిదో ఒక ఆదివారం గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో నేను మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. మేడైతే కొత్తదేగానీ, దానికి వెళ్లే దారి, ఆ రోజులు చూసినవారికి నేను చెప్పక్కర్లేదు, కంకర తేలి నడుం విరగ్గొట్టేది. అమ్మకు అప్పటికే నడుం ఆపరేషన్ అయింది, అయినా కొడుకు పనిచేసే చోటు ఒక్కసారి కళ్లారా చూడాలని ఆమె పట్టు. నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న అంబాసిడరేమో ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉంటే, నేనూ, మా వీధి చివరి మెకానిక్ భాయీ కలిసి మూడు నెలలుగా దానికి ప్రాణం పోస్తున్నాం. అమ్మ ఒక్క కుదుపుకు ‘అమ్మో’ అన్నా బండి అమ్మేస్తానని నాన్నగారు తేల్చేశారు. ఆయన అన్నారంటే అన్నట్టే.

ఆ ఆదివారానికి మిగిలినవి వెనక కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీలు. వాలిపోయిన పాతవి తీసి కొత్తవి వేశాం, వాటి చివర్లలో కొత్త రబ్బరు బుష్షులు పెట్టాం. బోల్టులు ముట్టుకోవద్దని చెప్పి భాయి నమాజుకు వెళ్లాడు. వింటేగా! ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, బోల్టు బిగించడానికి ఒకరు చెప్పాలా అనుకుని, బండి జాకీల మీద ఉండగానే ఉన్న బలమంతా పెట్టి బిగించేశాను. కిందికి దించి నాన్నగారిని వీధి చివరిదాకా తిప్పేసరికి ఎడ్లబండే నయమనిపించింది. ఆయన నేరుగా లోపలికి వెళ్లి బండ్ల బ్రోకరుకు ఫోన్ చేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

భాయి వచ్చి, వంగి చూసి తల కొట్టుకున్నాడు. "గాల్ల లేపి బిగిస్తె రబ్బరు మెలిపడ్తది సార్. బండి నేల మీద ఉండాలె, ఎక్కేటోళ్లంత ఎక్కాలె, గప్పుడు బిగించాలె. జర అమ్మను గూడ పిలువు" అన్నాడు. బోల్టులన్నీ వదులు చేయించి మమ్మల్ని ఎక్కించాడు. ముందు మూతి ముడుచుకున్న నాన్నగారు, పక్కన నేను, వెనక దిండు ఆనించుకుని అమ్మ, నవ్వాపుకోలేక చెల్లి. కదలని బండిలో ఎక్కడికండీ ప్రయాణమని ఎదురింటివాళ్లు ఒకటే వేళాకోళం. కింద భాయి బోల్టులు బిగిస్తున్నంతసేపూ మేము ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

ఆ సాయంత్రం మాదాపూర్ కంకర మీద అమ్మ ‘అమ్మో’ అనలేదు సరికదా, సగం దారిలో నిద్రపోయింది. నాన్నగారు అద్దంలో ఆమెనే చూసుకుంటూ నడిపారు. మేడ ముందు లేపితే, రోజూ ఇంత దూరం వస్తున్నావా నాయనా అంది. మర్నాడు వచ్చిన బ్రోకరును నాన్నగారు గేటు దగ్గరే సాగనంపారు.

ఇప్పుడు ఆ కంకర లేదు, రాయదుర్గం దాకా మెట్రో వచ్చింది. అమ్మా నాన్నగారూ లేరు. ప్రగతి నగర్‌లో ఉండే చెల్లికి తన కారు తనకుంది. ఈ బండిలో తిరిగేది నేనొక్కణ్ణే.

మెకానిక్ ఇంకా నా వైపే చూస్తున్నాడు. నలుగురం అన్నాను. అతను మూడు ఇసుక బస్తాలు తెచ్చి, నాన్నగారి సీట్లో ఒకటి, వెనక రెండు పెట్టాడు. నేను వెళ్లి నా పాత చోట్లో కూర్చున్నాను. అప్పుడు బిగించాడు.

ఒక్కణ్ణే వెళ్తుంటే బండి కాస్త ఎగురుతోంది. ఎగరనీ.