నడిమి గోడ

పాత ఇల్లు కొనేముందు ఇంజనీరుకు చూపించి తీరాలని పట్టుబట్టింది నేనే. మా ఆవిడకు ఆ ఆలోచన నచ్చలేదు. "పెళ్ళిచూపులకు డాక్టరును వెంటబెట్టుకుని వెళ్ళినట్టుంటుంది" అంది. నాకు వేరే పద్ధతి తెలియదు. చెన్నై హార్బరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా పని ఒకటే. ఓడలోంచి దిగిన పెట్టెల్ని చూసి, తడిసినదానికి తడిసిందని, పగిలినదానికి పగిలిందని రాసి, ఆ కాగితం సరుకు సొంతదారు చేత చదివించి సంతకం తీసుకోవడం. రాయపురం వైపు గేటు దగ్గర ఒక చిన్న గది, అందులో చేపల వాసన, బల్ల మీద నా రిజిస్టరు. సాయంత్రం ఇంటికి వచ్చాక డైరీ. రిటైరయ్యాక రిజిస్టరు పోయి డైరీ ఒక్కటే మిగిలింది.

కోడంబాక్కంలో మేముంటున్న ఫ్లాట్ల భవనాన్ని కూల్చి కొత్తది కట్టాలని ఓనర్లందరం ఒప్పుకుని సంతకాలు పెట్టాం. అది లేచేదాకా రెండు మూడేళ్ళు ఎక్కడో అద్దెకుండాలి. మా ఇద్దరికీ డెబ్బై దాటాయి. మా వాటా అమ్మేసి, మెట్లు లేని ఇల్లు ఏదైనా పల్లెలో కొనుక్కుందామని మా ఆవిడ అంది. కింది ఫ్లాటులో ఉండే ఆవిడ అప్పుడే తమ ఊరి సంగతి చెప్పింది. తిరుత్తణి దాటాక బస్సు దిగి కాస్త నడవాలి. ఊళ్ళో అందరూ తెలుగే మాట్లాడతారు. అక్కడ ఒక మిద్దె ఇల్లు అమ్మకానికుంది.

ఆ ఇంటావిడకు అరవై దాటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మోకాళ్ళ నొప్పులు. తిరుత్తణిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలని ఆమె ఆశ. కానీ ఇల్లు అమ్మితే తప్ప కదలనంది. "వట్టి చేతుల్తో పొయ్యి చెల్లెలింట్లో కూసుంటే, రెండు నెలలు అక్క అంటారు, మూడో నెల ముసల్ది అంటారు" అంది మొదటిరోజే, నవ్వుతూ. మా ఆవిడకు ఆ ఇల్లూ నచ్చింది, ఆమె కూడా నచ్చింది. ధర మాటల్లోనే కుదిరిపోయింది. ఇంజనీరు చూడటం ఒక్కటే మిగిలింది.

మేమిద్దరం అతన్ని చెన్నై నుంచి కారులో తీసుకెళ్ళాం. పాత కట్టడాలు పరీక్షించడంలో అనుభవమున్న తమిళుడు. మేము వెళ్ళేసరికి ఆమె తలుపు ముందు పట్టా కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. ఇంటి సర్వేకు వస్తున్నామని ఫోన్లో చెప్పాను. సర్వే అంటే ఆ ఊళ్ళో ఎవరికైనా భూమి కొలతే.

"రాండి సార్. హద్దురాళ్ళు కడిగి పెట్టుండాను. ఒకటి మాత్రం పక్కోళ్ళ గడ్డివామి కింద ఉండాది, వాళ్ళకు చెప్పినాను."

నేను వివరించేలోపే ఇంజనీరు హాల్లోకి వెళ్ళి తల పైకెత్తి నిలబడ్డాడు. పెద్ద దూలం, దాని మీద అడ్డంగా చిన్న దూలాలు, వాటి మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టిన మిద్దె. ఆమె కాసేపు చూసింది.

"రాళ్ళు నేల మీద ఉండాయి సార్. ఈయనేంది మిద్దెకల్లా చూస్తా ఉండాడు? ఆడేమన్నా పిల్లి ఈనిందా?"

మా ఆవిడ నవ్వింది. ఇంజనీరుకు తెలుగు రాదు. నిచ్చెన అడిగి తెప్పించుకున్నాడు. చిన్న సుత్తితో దూలాన్ని ఒక కొస నుంచి తట్టుకుంటూ వచ్చాడు. పడమటి వైపు గట్టిగా పలికింది. తూర్పు కొసకు వచ్చేసరికి చప్పుడు మారింది, అట్టపెట్టె మీద తట్టినట్టు. హార్బరులో లోపల ఖాళీ అయిన పెట్టెలు అలాగే పలికేవి. అతను సన్నని ఇనుపచువ్వ తీసి అక్కడ గుచ్చాడు. అది పిడి దాకా దిగిపోయింది. పైన వేసిన రంగు మాత్రం చెక్కు చెదరలేదు.

హాలు మధ్యలో, సరిగ్గా ఆ దూలం కిందుగా, ఒక సన్నని ఇటుక గోడ ఉంది. అతను నిచ్చెన దిగి ఆ గోడను చాలాసేపు చూశాడు.

"అది మా ఆయన కట్టించింది సార్" అంది ఆమె. "అన్నదమ్ములకు పొత్తు కుదరక, హాలును రెండు చేసుకొన్నారు. ఆ అన్న తన భాగం మాకే ఇచ్చేసి ఊరిడిసిపోయె. ఈయనా పాయె. గోడ మాత్రం నిలిచె."

ఇంజనీరు నాతో ఇంగ్లీషులో చెప్పాడు. దూలం ఇప్పుడు తూర్పు గోడ మీద ఆనడం లేదు, ఆ కొసను చెదలు తినేశాయి, పైకప్పు బరువంతా ఈ అడ్డగోడ మోస్తోంది, అది బరువు మోయడానికి కట్టింది కాదు, అయినా అదే లేకపోతే మిద్దె ఎప్పుడో కిందికి వచ్చేది. ఆమె మజ్జిగ గ్లాసులు పట్టుకుని మా పక్కనే ఉంది.

"ఏమంటా ఉండాడు సార్?"

"ఇల్లు పాతది కదమ్మా, అన్నీ చూసుకుంటున్నారు" అన్నాను.

"పాతదే. మా మామ కట్టించింది. టేకు. ఇప్పుడు ఎవురు వేస్తారు సార్ టేకు?"

తిరుగు దారిలో ఇంజనీరు అడిగాడు, ఆమెకు విషయం మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని. నేను చెబుతానన్నాను. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. నాలుగు పేజీలు, ఫోటోలతో సహా. చివరి పేజీలో ఇలా ఉంది: అడ్డగోడను ఏ కారణం చేతా కదిలించరాదు. వానలకు ముందే దూలం కింద ఇనుప ఆసరాలు నిలపాలి. అంతవరకు ఆ హాలును ఎవరూ వాడరాదు.

ఇల్లు వద్దనుకోవడానికి మాకు ఎంతోసేపు పట్టలేదు. ఎలా చెప్పాలన్నదే సమస్య అయింది. నేను రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసి పంపుతానన్నాను. మా ఆవిడ వినలేదు.

"ఒంటరి ఆడమనిషి. రోజూ దీపం పెట్టుకునే ఇల్లు. నీ మిద్దె నీ మీద పడుతుందని రాసి పంపుతారా? పైన తథాస్తు దేవతలుంటారు."

"ఉన్నదే కదా రాసేది."

"సంబంధం నచ్చకపోతే పిల్లకు మెల్లకన్నని చెబుతామా? జాతకాలు కుదరలేదంటాం. ఇల్లయినా అంతే. వాస్తు కుదరలేదనండి. వాళ్ళకూ గౌరవం, మనకూ గౌరవం."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మా అమ్మా నాన్నా అలాగే చేసేవాళ్ళు. నా చెల్లెలికి వచ్చిన సంబంధాలు కొన్ని అలాగే పోయాయి, ఎవరి మనసూ నొచ్చుకోకుండా. పైగా దూలం సంగతి ఊళ్ళో పొక్కితే ఆ ఇల్లు ఇంకెవరూ కొనరు, ఆమె చెల్లెలి దగ్గరికి చేరలేదు. మనం ఆమెకు మేలే చేస్తున్నామని కూడా అనుకున్నాను. ఇంకొకరికి అదే ఇల్లు అంటగట్టడానికి సాయపడుతున్నానని తోచలేదు. ఆ హాల్లోనే ఆమె రోజూ పడుకుంటుందన్న మాటకు ఆ సాయంత్రం నా తలలో చోటే లేకపోయింది.

ఫోన్ చేశాను. వాస్తు కుదరలేదమ్మా అన్నాను.

"ఏం దోషం సార్? ఏ మూల?"

నాకు వాస్తు తెలియదు. పూర్తిగా అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. సగం నిజమైనా ఉంటే మేలనిపించింది.

"మూల కాదమ్మా. ఇంటి నడుమ ఏదో దోషం ఉందంటున్నారు."



"సరి సార్. మీకు ప్రాప్తం లేదు, నాకూ లేదు. మీ ఇంట్లో అక్కను అడిగినట్టు చెప్పండి."

ఆ రోజు డైరీలో నేను రాసుకున్న వాక్యం ఇది: 'ఇంటి విషయం మర్యాదగా ముగిసింది.'

ఆగస్టు చివర, తమిళుల ఆవణి నెల అది. తర్వాతి నెల పురటాసిలో మేము ఫ్లాటు ఖాళీ చేసి రెండు వీధుల అవతల అద్దె ఇంట్లో దిగాం. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం మా పాత కింది ఫ్లాటు ఆవిడ గొడుగు మడుచుకుంటూ వచ్చింది. ఆమె పుట్టింది ఇక్కడే, తెలుగులో సగం తమిళం.

"మీరు చూసిన ఇల్లు పడిపోయింది అంకుల్. నిన్న ముందునాడు, పగలే. ఆ అక్క లోపలే ఉండింది. నడుం దగ్గర ఎముక నలిగిపోయిందంట. ఉసురు మాత్రం తప్పింది."

"ఎట్లా పడింది?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"వాస్తు దోషమని ఎవరో చెప్పినారంట, ఇంటి నడుమ. ఎవరూ కొనరేమోనని భయపడి తిరుత్తణి నుంచి ఒక వాస్తు ఆయన్ని పిలిపించింది. ఇంటి నడుమ బరువుండకూడదు, అది బ్రహ్మ కూర్చునే చోటు, గోడ తీసేయమన్నాడంట. మేస్త్రిని పెట్టి తీయించింది. పది దినాలు ఆగింది మిద్దె. వానకు నాని నాని మొన్న వచ్చేసింది. పాపం, దోషం పోయిందని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పిందంట."

మా ఆవిడ ఆమెకు కాఫీ ఇస్తూ నా వైపు చూడలేదు. ఎవరో చెప్పారన్న ఆ ఎవరో మేమేనని ఆ వచ్చినావిడకు తెలియదు. నేను చెప్పనూ లేదు. నిజం దాచడం అది మూడోసారి.

తర్వాత మూడు వారాలు నేను వేరే పని ఏదీ సరిగ్గా చేయలేదు. రిపోర్టు తీసి చదివేవాణ్ణి, మళ్ళీ కవరులో పెట్టేవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా సొంతదారుకు చూపించకుండా ఒక్క కాగితం కూడా ఫైలులో పెట్టలేదు నేను. ఆఖరికి వెళ్ళి చెబుతానన్నాను.

"ఇప్పుడు దేనికి?" అంది మా ఆవిడ. "ఆమె నడుం బాగవుతుందా? మీరు వెళ్ళేది ఆమె కోసమా, మీ కోసమా?"

అయినా వెళ్ళాను.

తిరుత్తణిలో చెల్లెలి ఇల్లు రెండు గదులది. ముందు గదిలోనే మంచం. ఆమె సగానికి సగమైంది. ఇక నడవడం కుదరదని డాక్టర్లు చెప్పేశారట. చెల్లెలు ఆమెకు అన్నీ మంచం మీదే చేసిపెడుతోంది. నన్ను చూసి ఆమె లేవబోయి, లేవలేక, చేతులు జోడించింది.

"ఇంత దూరం వచ్చినారా సార్. చూసినారా నా గతిని." తలగడ సర్దుతున్న చెల్లెలితో చెప్పింది, "ఇల్లు చూసిపోయిన సార్. దోషం ముందుగా కనిపెట్టింది ఈయనే." మళ్ళీ నాతో, "మీరు సరిగ్గానే చెప్పినారు సార్. నేనే తాత్సారం చేసినాను. మీరు చెప్పిన వెంటనే తీయించుంటే ఇంత దూరం వచ్చేది కాదు. మంచి దినం చూసి తీస్తామని నెలన్నర ఆగితిని. దోషం ఊరుకుంటుందా."

"ఆ వాస్తు ఆయన నాశనమైపోను" అంది చెల్లెలు. "గోడ తీసినాక శాంతి చేయమని చెప్పనే లేదు."

నేను సంచిలోంచి రిపోర్టు తీశాను. చివరి పేజీ తెలుగులో చెప్పాను. ఒక్కో వాక్యం చదివి, అర్థం చెప్పి, ఇంకో వాక్యం. గోడను కదిలించరాదు అన్న చోట నీళ్ళు అడిగి తాగి, మళ్ళీ చదివాను. వాస్తు మాట మేము కల్పించుకున్నదని, వద్దనడానికి మర్యాదగా ఉంటుందని అలా అన్నామని చెప్పాను. క్షమించమని అడగాలని దారంతా అనుకున్నాను. అక్కడ ఆ మాట చిన్నదిగా తోచి ఊరుకున్నాను.

ఆమె మిద్దెకేసి చూస్తూ వింది.

"ఆ నిచ్చెనెక్కినాయన ఇదంతా ఆ దినమే చెప్పినాడా?"

"చెప్పారమ్మా."

"నేను ఆడే ఉంటి గదా."

"ఉన్నారు."

"నేను అడిగితిని సార్. ఏమంటా ఉండాడని మిమ్మల్ని అడిగితిని."

"అడిగారమ్మా."

చెల్లెలు చేతిలోని గుడ్డ మంచం మీద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఏదో అనబోయింది. అక్క చేయెత్తి ఆపింది.

"ఇన్ని దినాలు నా రాత అనుకొని పడుకోనుంటి" అంది నాతో. "నాదే తప్పనుకొంటే ఒకరకంగా నిద్ర పట్టేది. ఇప్పుడింగ ఏమనుకొనేది?"

నేను కాగితాలు మడిచాను. వాటిని అక్కడే ఉంచాలో, తీసుకెళ్ళాలో తెలియలేదు.

"ఆడ పెట్టి పోండి" అంది ఆమె. "నా ఇంటిది గదా." తర్వాత చెల్లెలితో, "సార్‌కు బస్సు టైమయింది. వాకిలి దాకా పొయ్యి రా."

నేను వచ్చింది రైల్లో. తిరిగి వెళ్ళే బండికి ఇంకా గంటన్నర ఉంది. రిపోర్టు మంచం పక్కన, మందుల కింద పెట్టి, బయటికి నడిచాను. చెల్లెలు వాకిలి దాకా రాలేదు.