అందర్నీ పండబెట్టినాకే కారుకు తాళం

పోయిన నెలలో ఒకరోజు నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "మేయ్, మీ అత్త పోయింది. నిద్రలోనే పోయింది," అన్నాడు. తర్వాత ఆయనే, "నిన్న సాయంత్రం గూడా జమ్మలమడుగు పోయొచ్చింది, కారు తనే తోలుకుంటా," అని పెట్టేశాడు. కారు తోలే ధైర్యం లేక, దాన్ని పులివెందులలో మా ఇంటి దగ్గరే వదిలి బస్సెక్కాను. వెళ్లే ముందు మాత్రం కారు తలుపు తీసి, ఫోన్ ఛార్జరు పీకి పక్కన పెట్టాను. అది అత్త నేర్పిన అలవాటు. చావు కబురు విన్నప్పుడు కూడా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

అత్త మా నాన్నకు అక్క. జమ్మలమడుగు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. మా ఊరు గండికోట రిజర్వాయరు నీళ్ల కిందికి పోయాక, కొండాపురం దగ్గరి కాలనీలో తమ్ముడి పక్కనే ఇల్లు కట్టుకుంది. అందరూ మనవళ్లను ఎత్తుకునే వయసులో తను కారు నేర్చుకుని, ఒక పాత పెట్రోలు కారు కొనింది. నవ్వినవాళ్లు నవ్వారు. ఆ నవ్వినవాళ్ల కోడళ్లే తర్వాత కాన్పులకు ఆ కారెక్కారు. అంబులెన్సు దారి వెతుక్కుంటూ వచ్చేలోపు అత్త ప్రొద్దుటూరు దారి పట్టేది. అందుకే కారును ఎప్పుడూ ముక్కు రోడ్డు వైపు ఉండేలా నిలిపేది.

నాన్నకు ఆ కారంటే మహా ముద్దు. ప్రొద్దుటూరులో సామాన్లు కొనుక్కొచ్చి దానికి నగలు పెట్టినట్టు పెట్టాడు. ముందు అద్దానికి కెమెరా, ఫోన్ ఛార్జరు, వెంకటేశ్వరస్వామి పటం, పటం ముందు ప్రమిద ఆకారంలో ఒక చిన్న బల్బు. కారు ఆపినా ఆ దీపం కొండెక్కకూడదని ఆయన పట్టుదల. అఖండ దీపం కదా. కీతో పని లేకుండా దాన్ని నేరుగా బ్యాటరీకే కలిపించాడు. కెమెరానూ అట్లాగే చేయించాడు, నిలబెట్టిన కారును మేకలు ఒరుసుకుంటే తెలుస్తుందని.

ఒకసారి చుట్టాల పెళ్లికని అత్త కారును కాలనీలోనే వదిలి, బస్సులో పులివెందుల మా ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఉండిపోయింది. అప్పుడే అక్కడ కాలనీలో నాన్న ఎదురింటి మామకు గుండెనొప్పి వచ్చింది. నాన్న ఉరికిపోయి కారులో కూర్చుని కీ తిప్పితే, టిక్కుమని ఊరుకుంది. పటం ముందు దీపం కూడా మిణుకుమిణుకుమంటోంది. చివరికి మగవాళ్లంతా కలిసి వాలు దాకా తోస్తే ఇంజను అందుకుంది. మామ బతికాడు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పనే చెప్పాడు.

తిరిగొచ్చిన అత్త ఎవర్నీ తిట్టలేదు. కారులో ఒక్కతే కూర్చుని ఒక్కో వైరు ఎక్కడికి పోతోందో చూసుకుంది.

"అంత చిన్న దీపం ఏం తాగుతాది అక్కా?" అన్నాడు నాన్న.

"సెలైను గూడా బొట్టు బొట్టుగానే గదరా అయిపోయేది," అంది అత్త.

దీపాన్ని, కెమెరాను కీ తిప్పితేనే వెలిగేట్టు మార్పిద్దామంటే నాన్న ముఖం ముడుచుకున్నాడు. దేవుడి దీపం చేతులారా ఆర్పడమేందని వాదన. అప్పుడు అత్త అన్న మాట నేను మర్చిపోలేను. "తిరుమలలో ఏడుకొండల సామికే పవళింపు సేవ జేసి పండబెడతారు. నువ్వు ఆయన్ని నిద్ర లేకుండా కారుకు కాపలా పెట్టినావు. సామి పండుకోకుంటే పొద్దున బండి యాడ లేస్తాది రా?"

మర్నాడే ఇద్దరూ ప్రొద్దుటూరు పోయి వైర్లు మార్పించుకొచ్చారు. ఎలక్ట్రీషియన్ పని ముగించేదాకా అత్త అతని భుజం మీదుగా తొంగి చూస్తూనే ఉందట.

అప్పటి నుంచి కారు ఆపితే అత్తది ఒకటే పద్ధతి. ఛార్జరు పీకి వేలితో తాకి చూసేది. లోపలి లైటు, డిక్కీ లైటు ఆరాయో లేదో చూసేది. కీ తీసినా కెమెరా మీది ఎర్ర చుక్క కాసేపు వెలుగుతుంది. అది ఆరేదాకా సీట్లోంచి లేచేది కాదు. వార్డులో రోగులు పడుకున్నాక లైట్లు తీసి వచ్చే నర్సు నడకే అది. నిలబెట్టి ఇంజను ఉరికిస్తే బ్యాటరీ నిండదని, ఆదివారాలు ఆడవాళ్లను ఎక్కించుకుని మైలవరం కట్ట దాకా తిప్పుకొచ్చేది. నాకు ఫోన్ చేస్తే క్షేమసమాచారాల తర్వాత, "కారులో అందర్నీ పండబెట్టినావా?" అని తప్పకుండా అడిగేది. ఒక్కోసారి విసుగొచ్చేది. ఇప్పుడు ఆ ప్రశ్న కోసం ఫోన్ వైపు చూస్తున్నాను.

దినాల రోజు మధ్యాహ్నం భోజనాలు నడుస్తుండగా ఎదురింటి మామ కోడలికి నొప్పులు మొదలయ్యాయి. అత్త పోయినప్పటి నుంచి ఆ కారును ఎవరూ ముట్టుకోలేదు. నాన్న మేకుకు తగిలించి ఉన్న తాళంచెవి తీసుకున్నాడు. నేను ఆ పిల్లను పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే, ఎదురింటి మామతో సహా మగవాళ్లంతా విస్తళ్ల ముందు నుంచి లేచొచ్చి, తోయడానికి డిక్కీ మీద ఎంగిలి చేతులు ఆనించి నిలబడ్డారు. ఎవరికీ నమ్మకం లేదు. నాన్న కీ తిప్పాడు. ముందు సామి దీపం వెలిగింది. ఆ వెంటనే ఇంజను అందుకుంది. చివరి సాయంత్రం కూడా అత్త అందర్నీ పండబెట్టాకే తాను పడుకుందని అప్పుడు అర్థమై నాకు ఏడుపొచ్చింది.

ప్రొద్దుటూరులో ఆ పిల్లను లోపలికి తీసుకుపోయారు. ఆడబిడ్డ పుట్టిందని చెబుదామని నేను బయటికొచ్చేసరికి, నాన్న కారును ముక్కు రోడ్డు వైపు తిప్పి నీడన నిలుపుతున్నాడు. "పండుకో సామీ," అని కీ తీశాడు. దీపం ఆరింది. ఛార్జరు పీకి వేలితో తాకి చూశాడు. కబురు చెప్పినా దిగలేదు. కళ్లు తుడుచుకుంటూ, కెమెరా మీది ఎర్ర చుక్క ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు.