ఒడిబియ్యంలో చింతతోపు

మా చిన్నప్పుడు, నిజాం కాలంలో... రాజోలిలో మాకొక మహా రాజ్యం ఉండేది. దాని రాణి మా జేజి, అంటే మా నాయన తల్లి. రాజ్యం ఎంతంటే... తుంగభద్రలోకి దిగే ఒర్రె ఒడ్డున వానకు పండే ఒక చెలక, దాని అంచున చింతతోపు. అంతే!

అయితే అది జేజికి పెండ్లినాడు పుట్టింటోళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన నేల. అక్కడ మగోళ్ల మాట చెల్లదు. మా తాత కూడా ఒక చింతకాయ తెంపాలంటే ముందు దగ్గేవాడు...

అంతటి రాజ్యం మీద ఒక శత్రువు కన్నేశాడు. ఎవరో కాదు, మా పెద్దనాయనే. తోపు కొట్టి ఇటుకబట్టీకి అమ్మి, ఆ జాగాలో పత్తి పెట్టాలని ఆయన ఆశ.

"నేనుండంగ కొట్టడు. నేను పోయిన తెల్లారి గొడ్డలి నూర్తడు" అని జేజికి ఒకటే దిగులు. "ఆ వేర్లే ఒడ్డును పట్టుకొని ఉన్నయి బిడ్డా. చెట్లు పోతే వానకు మన మన్నంత కొట్టుకపోయి, ఏటికి అవతల ఇంగిలీషోళ్ల రాజ్యంల పడ్తది. పోయి అడిగితే ఇస్తరా?"

ఈ రాజ్యాంతర సమస్య గురించి ఆలోచిస్తూ నాకు నిద్రే పట్టలేదు... (అబద్ధం. బాగానే పట్టింది.)

ఒకరోజు జేజి పెండ్లయిన తన ఇద్దరు ఆడబిడ్డలకూ ఒడిబియ్యం పోస్తానని కబురు పంపింది. గద్వాల అత్త, వీపనగండ్ల అత్త ఎడ్లబండ్లు కట్టుకొని దిగారు. ఇల్లంతా ఓళిగల వాసన... పెద్దనాయన చెల్లెండ్లకు చీరలు పెట్టాడు. ఒడిలో బియ్యం, కొబ్బరి, పసుపుకొమ్ములు పడ్డాయి. అప్పటిదాకా అంతా ఆచారమే.

ఆ తర్వాత జేజి, పసుపుకుంకుమలూ బియ్యం చేటా పట్టుకొని, వచ్చిన ముత్తైదువలందరినీ వెంటేసుకొని నేరుగా తోపుకు నడిచింది. వెనకే పెద్దనాయన, నేను. ఒడ్డు వరుసలో ఒక చింతరెమ్మ తుంచి గద్వాల అత్త ఒడిలో వేసింది.

"ఈ వరుస నీది. కాయ నీది, నీడ ఊరిది, గొడ్డలి ఎవ్వనిదీ కాదు. నీ తర్వాత నీ బిడ్డ ఒడిల పొయ్యాలె."

చెలక పక్క వరుస వీపనగండ్ల అత్తకు పడింది.

అప్పుడు పెద్దనాయన ముఖం చూడాలి... ఆడబిడ్డ ఒడిలో పోసింది తిరిగి తీసుకున్న మగోడు మా దిక్కు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి పిల్లనిచ్చేటోడు దొరకడు.

"ఏందమ్మా ఇది? చెట్లను ఒడిల పోస్తరా ఎక్కడన్న?"

"పెండ్లిల ఆవును అరణం ఇస్తరు గద అన్నా! చెట్టయితే పొడుస్తదా?" అంది గద్వాల అత్త.

ఇక మిగిలింది మూలకున్న ముసలి చింత. ఒడ్డు బరువు చాలామట్టుకు దాని వేర్ల మీదే. "ఇది నా మనమరాలికి" అంది జేజి. నేను పట్టాభిషేకానికి నిలబడ్డట్టు గంభీరంగా లంగా అంచు చాపాను...

"ఆగు!" పెద్దనాయన కళ్లు మెరిశాయి. "పెండ్లి కాని పిల్లకు ఒడిబియ్యం ఎట్ల పోస్తవ్? గా చెట్టు నాకిడిసిపెట్టు."

ముత్తైదువలు తలలూపారు. మాట నిజమే మరి. అప్పటికప్పుడు నన్ను పెండ్లాడే వీరుడెవడైనా ఉన్నాడా అని చుట్టూ చూశాను... ఒక మేకపోతు తప్ప ఎవరూ కనబడలేదు.

జేజి పసుపు గిన్నె అందుకుంది. చెట్టు మొదలుకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. చేటలో మిగిలిన బియ్యమంతా వేర్ల సందుల్లో పోసింది.

"ఇది గూడ నా బిడ్డనే. దీనిది దీనికే."

"అంటే... ఇది నాకు చెల్లెనా?"

"చెల్లె గాదురా, అక్క! నీకంటె ముందు పుట్టింది."

"మరి అక్కకు చీరేది అన్నా?" వీపనగండ్ల అత్త అందుకుంది. "ఉత్త చేతులతోని వస్తివి?"

తోపంతా ఒకటే నవ్వులు... పెద్దనాయన కాసేపు గొణిగాడు. చివరికి తనకే నవ్వాగక, తల రుమాలు విప్పి చెట్టుకు చుట్టబోయాడు. సగానికే వచ్చింది.

"అక్క జర లావున్నది" అన్నాడు.

కొన్నాళ్లకు బట్టీవాళ్లు బేరానికి వస్తే ఆయనే కసిరాడు... "ఇంటి ఆడబిడ్డలను అమ్ముకుంటరార ఎవరన్న? నడువుండ్రి!"

జేజి ఇప్పుడు లేదు. తోపు ఉంది. ఈమధ్య ఏ పెండ్లికి పోయినా పిల్లకు నగలే పెడుతున్నారు, నేల పెట్టడం లేదు. నగకు నీడ ఉండదు కదా...

మీ ఇండ్లల్లో కూడా ఆడోళ్ల చేతి మీదుగా నిలిచిన చెట్టో, చెలకో, బాయో ఉండే ఉంటుంది. ఎవరు ఎవరి ఒడిలో పోశారో చెప్పండి... వినాలని ఉంది.