మామయ్య ఆపిన పెనాల్టీ

మాది కాగజ్‌నగర్. మా మామయ్య వయసులో ఉన్నప్పుడు ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. కిందటి చలికాలం పాత ఆటగాళ్లంతా కలిసి సరదాకు ఒక మ్యాచ్ పెట్టుకున్నారు. మామయ్య గుండెకు స్టెంట్ వేసి ఏడాది కూడా కాలేదు. అందుకని అత్తమ్మ, "జర కనిపెట్టుకొని ఉండు బిడ్డా, గ్రౌండుల అడుగు పెట్టనియ్యకు" అని నన్ను వెంట పంపింది.

ఆట సమంగా నడుస్తుండగా, చివర్లో అవతలి జట్టుకు పెనాల్టీ దొరికింది. సరిగ్గా అప్పుడే మా గోల్‌కీపర్ మోకాలు పట్టేసి కూలబడ్డాడు. నేను వద్దనేలోపే మామయ్య ధోతి ఎగ్గట్టి గోల్ ముందు నిలబడ్డారు. బంతి దూసుకొచ్చింది. ఆయన ఎడమవైపు దూకి బోర్లా పడ్డారు. మళ్లీ లేవలేదు.

నా ప్రాణం పోయినంత పనైంది. పరుగెత్తుకెళ్లి భుజం పట్టి కుదిపాను. మెల్లగా ఒక కన్ను తెరిచి, "బాలు లోపలికి పోయిందా బిడ్డా?" అన్నారు.

"పోలే మామా, మీ పొట్ట కిందనే ఉంది!"

ఇంటికొచ్చాక భయపడుతూనే అంతా చెప్పాను. అత్తమ్మ ఆయన్ని కాసేపు గుర్రుగా చూసి, "ఎటు దుంకిండు?" అని నన్నడిగింది.

"ఎడమ దిక్కు అత్తమ్మా."

"ఎప్పుడూ గటే దుంకుతడు. లగ్గం కాకముందు మా ఇంటి గోడెక్కి ఈయన ఆట చూసేదాన్ని."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ మాట చెప్పడం అదే మొదటిసారట. మామయ్య తల దించుకొని ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ ముఖం గుర్తొస్తే నాకిప్పటికీ సంతోషంగా ఉంటుంది.