కిటికీకి అడ్డొచ్చిన గ్రేప్‌ఫ్రూట్ చెట్టు

కత్తెర బాబాయ్ తోటలో అడుగుపెడితే చెట్లు తమంతట తామే ఎండుపుల్లలు రాల్చేసి, చేతులు కట్టుకుని నిలబడేవి. నమ్మనివాళ్లు మానేయండి, చెట్లను అడిగినా ఇదే చెబుతాయి. పేరులో ద్రాక్ష ఉన్నా ద్రాక్షతో ఏ చుట్టరికమూ లేకుండా, పంపరపనసకు వరసకు తమ్ముడయ్యే గ్రేప్‌ఫ్రూట్ అంటే ఆయనకు ప్రాణం. అంటు కట్టిన చోటుకు కింద తలెత్తిన చిగురును గోటితోనే గిల్లేసేవాడు. కాపివ్వకుండా నిటారుగా ఎగబాకే నీటి కొమ్మల్ని మొదలంటా కోసేవాడు. పూట గడవకముందే తోటంతా నున్నగా తయారయ్యేది.

అంతటివాడు తన పెరట్లో ఉన్న ఒక్క చెట్టును మాత్రం ఏళ్ల తరబడి ముగించలేకపోయాడు.

ఆ చెట్టు ఆయన ఇంటి మేడమీద అద్దెకుండే కుట్టుపని ఆవిడ కిటికీని కప్పేసింది. ఆవిడ మిషను ఆ కిటికీ పక్కనే. రోజూ పొద్దున్నే రెక్క తెరుచుకునేది.

"బాబాయ్! నల్లగుడ్డ మీద నల్లదారం కుడుతున్నా. సూది ఎటు పోతోందో దానికే తెలియాలి. ఆ కొమ్మ కొడతావా, నన్నే దూకి కొట్టుకోమంటావా?"

"ఇదిగో అమ్మాయ్, కొట్టేస్తున్నా."

"నిన్నా ఇదే కూశావ్. ఊరందరి చెట్లకీ క్షవరం చేస్తావు, ఇంటి చెట్టు దగ్గరకొచ్చేసరికి చెయ్యి పడిపోతుందా?"

"ఒక్కసారే కోస్తే బెరడు ఎండకు మాడిపోతుందమ్మా."

మాట నిజమే. కానీ రోజుకో పుల్ల తుంచుతూ, కిటికీకి అడ్డున్న కొమ్మను మాత్రం ఆయన తాకేవాడు కాదు. అది పోతే ఆవిడకు తనతో పనేముంది? చెట్లకు తిట్టడం రాదు. ఇంట్లో గోడలకు అసలే రాదు. ఆ నాలుగు తిట్లూ తిన్నాకే ఆయనకు టీ గొంతు దిగేది.

ఒకరోజు రెక్క తెరుచుకుంది గానీ తిట్టు రాలేదు.

"ఇల్లు మారుతున్నా బాబాయ్. కళ్లు లాగేస్తున్నాయి. వెలుతురున్న గది దొరికింది."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం బండొస్తుంది."

ఆయన నిచ్చెన వేసి రంపం అందుకున్నాడు. ఏది ఉంచాలో, ఏది తీయాలో చూడకుండా కోయడం ఆయన చేతికి అదే మొదలు. మధ్యాహ్నానికి పెద్దకొమ్మ దబ్బున నేలకూలేసరికి ఆవిడ పరుగున కిటికీ దగ్గరికొచ్చింది. ఎండ ముఖాన కొట్టడంతో కళ్లు చికిలించింది.

"ఇంత వెలుతురుందా ఇక్కడ?"

"ఉంది. ఉండిపో అమ్మాయ్."

ఆవిడ వీధివైపు చూసింది. మిషను అప్పటికే బండెక్కింది.

"అక్కడివాళ్లకు మాటిచ్చేశా బాబాయ్. ఇంత పనితనం చేతిలో పెట్టుకుని నువ్వు..." తిట్టబోయి ఆగింది. "జాగ్రత్తగా దిగండి."

ఆ 'అండి' తగిలినంతగా ఆయనకు ఏ తిట్టూ తగల్లేదు.

బండి వెళ్లాక బకెట్లో సున్నం కలిపాడు. ఎండకు బయటపడ్డ బెరడును కాపాడుకోవాలి కదా. పైకొమ్మకు పూస్తూ గదిలోకి చూశాడు. మిషను కాళ్లు ఆనినచోట నేలమీద గుంటలు, చుట్టూ దారప్పోగులు, గదినిండా ఎండ. దిగి వెళ్లాల్సిన చోటేదీ లేదు కాబట్టి, పూసిన కొమ్మకే మళ్లీ సున్నం పూశాడు.