పడవని లాగాల్సిన బండి

"గ్యాసు బండి లాగదని ఎవరన్నారు? ఖాళీ ట్రైలరయితే బ్రహ్మాండంగా లాగుద్ది. పడవెక్కిస్తేనే దానికి ఊపిరి ఆడదు," అన్నాడు నెహెమ్యా బాబాయి, వాకిట్లో కుర్చీ నావైపు జరుపుతూ.

దరియాలతిప్పలో ఏటిగట్టు దిగువన ఆయన ఇల్లు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ బతుకుతెరువు పంచుకున్నారు. చేపల వేట తమ్ముడు జోయెల్‌కి, రోడ్డు ఈయనకి. అప్పట్నుంచి చిన్న డీజిల్ ట్రక్కు మీద రొయ్యల చెరువులకి మేతా ఐసూ తోలుతున్నాడు. గోదారి పొంగినప్పుడు మాత్రం దానికి ట్రైలరు తగిలించి, జోయెల్ ఫైబరు పడవని గట్టు మీదికి లాగి పెట్టేవాడు. ఈ వేసవిలో ఆ ట్రక్కు ఇంజను పట్టేసింది. ఇప్పుడు కొనాల్సింది సీఎన్జీ బండా, మళ్ళీ డీజిలేనా అన్నది ఇంట్లో రోజూ నలుగుతున్న మాట.

"ఏడాదికి రెండు మూడుసార్లు పడవ లాగడానికి, మిగతా రోజులన్నీ డీజిల్ తాగించాలంట," అంది లోపల్నుంచి సారమ్మ పిన్ని. "మీ తమ్ముడి పెళ్ళికి కూడా మీ నాన్న అంత ఖర్చు పెట్టలేదు."

"నువ్వు కూర చూసుకో."

"కూర ఉడికేదీ గ్యాసు మీదే కదండీ."

బాబాయి నవ్వాడు కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"మొన్న మెట్టకూరు మణికంఠ గ్యాసు బండి అడిగి తెచ్చి కట్టి చూశానమ్మాయ్. గట్టు సగం దాకా ఎక్కింది. తడి మట్టి తగిలేసరికి చక్రాలు తిరగడమే గానీ బండి కదలదు. క్లచ్చు మాడిన వాసన. జోయెల్ గబగబా ట్రైలరు చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. 'వానల్లో ఇంకా జారుద్ది కదన్నయ్యా' అన్నాడు."

"ఆ రోజుకి ట్రాక్టరు మాట్లాడుకోవచ్చు కదా బాబాయ్?"

"వరదొచ్చిన రోజు ట్రాక్టరెవడిస్తాడు? ఎవడి మేత బస్తాలు వాడివి, ఎవడి మోటార్లు వాడివి."

"పోనీ డీజిల్‌దే తీసుకుంటే?"

"ఈ ఏడాదికి పడవ బతుకుద్ది. ఇప్పుడొచ్చే బాడుగలకి డీజిల్ పోయించి వాయిదాలు కట్టలేను. పైయేటికి బండే ఉండదు. అప్పుడు పడవని లాగేదెవరు?"

లోపల గరిటె చప్పుడు ఆగింది.

"నిన్న గ్యాసు దానికి అడ్వాన్సిచ్చేశాను," అన్నాడు మెల్లగా. "జోయెల్‌కింకా చెప్పలేదు. పొద్దుట్నుంచి గట్టు మీద కూర్చుని ట్రైలరు చక్రాలకి గ్రీజు పెడతన్నాడు, కొత్త బండొస్తదని."

పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

"గట్టు మీంచే కదా పోతావు?" అన్నాడు బాబాయి. "కాసేపు వాడి దగ్గర కూర్చో. గ్యాసు బండి సంగతి చెప్పు. వానలు పడకముందే పడవ అమ్ముకుంటే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని కూడా చెప్పు. నేనన్నట్టు కాదు, నువ్వన్నట్టు చెప్పమ్మా."