నాన్న ఒప్పుకోని బేరం

అనకాపల్లి బెల్లం మార్కెట్లో మా నాన్న తల ఊపాడంటే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత పక్క దుకాణంలో ఎంత ఎక్కువ పలికినా మాట తిప్పడు. అలాంటి మనిషి ఈ ఏడు వండిన బెల్లమంతా మా బావ తయారుచేసిన వెబ్‌సైట్లో అమ్మడానికి సరేనన్నాడు. తెల్లారితే సైటు మొదలు. మొదటి సరుకు మాదే.

వెబ్‌సైట్లలో లొసుగులు వెతకడం నా ఉద్యోగం. అక్క మొగుడిదని వదిలేస్తానా? మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాను. సైటు కట్టడానికి బావ వాడిన ఫ్రేమ్‌వర్క్, అంటే ముందే తయారుగా దొరికే చట్రం, మంచిదే. ఎవరైనా ఫారం పంపితే, అది మన పేజీ నుంచే వచ్చిందా అని ఒక రహస్య గుర్తు చూసి మరీ తీసుకుంటుంది. కానీ ఫారాలతో పెద్దవాళ్లు తిప్పలు పడతారని, వర్తకుడు చెప్పిన ధరకి రైతు ఒప్పుకోవడాన్ని బావ ఉత్త లింకు చేసేశాడు. లింకుకి ఆ తనిఖీ లేదు. అది కనిపించగానే ఎగిరి గంతేసినంత పని చేశాను.

మరదలి గొప్పలంటూ బావ కొట్టిపారేశాడు. ఫ్రేమ్‌వర్కే అన్నీ చూసుకుంటుందట. నాకు ఒళ్లు మండింది. కొండకర్ల ఆవ చెరువులో పక్షుల ఫొటోతో వేరే పేజీ ఒకటి చేసి, ఫొటో వెనకాల ఆ లింకు దాచాను. బావ పరీక్ష కోసం పెట్టుకున్న నకలు సైటులో నాన్న తన ఫోను నుంచి అప్పటికే లాగిన్ అయి ఉన్నాడు. అదే ఫోనులో నా పేజీ తెరిచి, పక్షులు పెద్దగా కనిపిస్తాయి, నొక్కమన్నాను. నొక్కాడు. బెల్లం అమ్ముడైపోయిందని వచ్చింది, అదీ అందరికంటే తక్కువ చెప్పిన వర్తకుడికి! చప్పట్లు కొట్టేశాను.

నాన్న నవ్వలేదు. ఇది ఉత్తుత్తి బేరమని చెప్పినా ఫోను వంకే చూస్తున్నాడు.

"నానొప్పుకోనేదు గదా. మరి నా మాటేనని అదెలా సెప్పింది?"

లాగిన్ అయి ఉన్న ఫోను నుంచి ఏం వెళ్లినా సైటు ఆయన మాటే అనుకుంటుందని చెప్పాను. అయితే రేపు తన బెల్లం పెట్టొద్దన్నాడు. బావ మొహం వాడిపోయింది. ఇక వాదించకుండా లాప్‌టాప్ తెరిచి, లింకు తీసేసి ఫారం పెట్టాడు. పక్కన కూర్చుని తప్పులు పట్టడంలో నాకున్న సంతోషం ఇంతా అంతా కాదు.

పొద్దు వాలకముందే మళ్లీ పక్షుల్ని నొక్కించాను. ఈసారి వాటి వెనక దొంగ ఫారం దాచాను. రహస్య గుర్తు లేదని, కుదరదంది సైటు. అప్పుడు బావ అసలు పేజీ తెరిచి, ఈ ధరకి ఒప్పుకుంటారా అని ఉన్న చోటు చూపించాడు. నాన్న వెంటనే నొక్కలేదు. నిదానంగా చదువుకున్నాడు.

"ఇప్పుడు నన్నడుగుతంది," అన్నాడు. "రేపు మన బెల్లం ఎట్టీండి."